సద్ది ఎంత దూరం నడుస్తుంది?

నగరంలో జనం ఒత్తిడి పెరిగినప్పుడల్లా ముందుగా పక్కకు జరగమనేది తిండి బండినీ, తిండి చుట్టూ కూడే పండుగనూ. 2024 జనవరిలో హైదరాబాద్ మాదాపూర్ దగ్గర రోడ్డు పక్కన మధ్యాహ్న భోజనం అమ్ముకునే ఒక మహిళ బండిని ట్రాఫిక్ కారణం చెప్పి పోలీసులు ఆపించడం, ఆ వెంటనే ముఖ్యమంత్రి కలగజేసుకుని ఉన్నచోటే నడుపుకోనివ్వమనడం రాష్ట్రమంతా చూసింది. అంతకు ఐదేళ్ల ముందు, 2019 జనవరి 30న, నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచి దుకాణాలు బూడిదైనప్పుడు ఇంత జనాన్ని ఊరి నడుమ కూడబెట్టడం క్షేమమేనా అన్న అనుమానం ఎవరికైనా వచ్చేదే. ఇలాంటి ప్రతి సందర్భానికీ ఒక జవాబు తయారుగా ఉంటుంది: అవుటర్ రింగు రోడ్డు అవతల కావలసినంత జాగా ఉంది, అక్కడ పెట్టుకోండి. బండ్లు నిలుపుకోవచ్చు, గాలి ఆడుతుంది, ఎవరికీ అడ్డం ఉండదు. సౌకర్యం లెక్కలో ఈ జవాబుకు వంక పెట్టలేం. కానీ పదిమంది కలిసి తినే చోటును మార్చడం సౌకర్యం లెక్కతో తేలేది కాదనీ, అది ధర్మానికి సంబంధించిన ప్రశ్న అనీ నా వాదన. విందు ఎక్కడ జరుగుతుందన్నది విందులో భాగమా, లేక దానికి బయటి సంగతా? దీన్ని హైదరాబాద్ వైపు నుంచి కాక కామారెడ్డి, ఎల్లారెడ్డి వైపు నుంచి చూస్తే విషయం తేటపడుతుంది. తిండి పండుగను ఊరి బయటికి మోసుకుపోవడం ఆ నేలకు కొత్త కాదు మరి.

స్టాళ్లు వేసి, టికెట్టు పెట్టి, మైకులో పాటలు వేస్తేనే ఫుడ్ ఫెస్టివల్ అనుకుంటున్నాం గానీ, తెలంగాణలో అసలైన తిండి పండుగ బతుకమ్మ. పూల పండుగ అన్న పేరు దానికి స్థిరపడింది, కాదనను. అయినా తొమ్మిది రోజుల పేర్లు వరసగా చదివి చూడండి: ఎంగిలిపూలు, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు, అలిగిన బతుకమ్మ, వేపకాయలు, వెన్నముద్దలు, సద్దులు. మొదటిదీ ఆరోదీ తప్ప అన్నీ వంటింటి పేర్లే. వేపకాయలంటే చెట్టు మీదివి కావు, బియ్యప్పిండిని ఆ ఆకారంలో చేసి నూనెలో వేయించినవి. ఆరోనాడు అమ్మ అలిగిందని నైవేద్యమే పెట్టరు. పస్తు కూడా తిండి లెక్కలోదే. ఇక చోటు సంగతి. చాలా ఊళ్లలో ముందటి రోజులన్నీ వాడలోనే, గుడి ముందరో నాలుగు బాటల కాడో ఆడతారు. తొమ్మిదోనాడు మాత్రం ఊరికి ఊరు చెరువు దారి పడుతుంది. పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, రొట్టె నలిపి బెల్లం కలిపిన మలీద గిన్నెలకెత్తుకుని, బతుకమ్మను నెత్తిన పెట్టుకుని కట్ట మీదికి పోతారు. ఆడి, పాడి, అమ్మను నీళ్లలో సాగనంపి, తెచ్చినవి ఒకరికొకరు పెట్టుకుని తిని, చీకట్లో ఇళ్లకు మళ్లుతారు. ఎనిమిది రోజులు ఊరి నడుమ, ఒక్కరోజు ఊరి అంచున. ఆ ఒక్కరోజు నడక ముందటి ఎనిమిది రోజుల కూడిక మీద నిలబడి ఉంది. ఎనిమిదీ తీసేసి తొమ్మిదోదాన్ని మాత్రం ఉంచితే మిగిలేది పిక్నిక్.

సద్దుల బతుకమ్మ ఒక్కటే అయితే దాన్ని మినహాయింపు అనుకోవచ్చు. కానీ దసరానాడూ పాలపిట్టను చూడటానికి ఊరి బయటికి పోతారు, జమ్మిచెట్టుకు మొక్కి ఆ ఆకును బంగారమని తెచ్చి పెద్దల చేతిలో పెడతారు. పోచమ్మ ఊరి అంచున, కట్టమైసమ్మ చెరువు కట్ట మీద ఉంటుంది. బోనం కుండ అక్కడికే నడుస్తుంది. గ్రామదేవతల పెద్ద జాతరల్లో పొలిమేర వెంట పొలి చల్లుతారు. పిలుపు అందనివాళ్లకు, కంటికి కనిపించనివాళ్లకు కూడా పిడికెడు అన్నం దక్కాలన్నది ఆ పని వెనుక ఉన్న ఊహ. కామారెడ్డి దగ్గరి రామారెడ్డి ఇసన్నపల్లిలో కొలువైన కాలభైరవుడు క్షేత్రపాలకుడు, అంటే నేలను కాచే దేవుడు. బాన్సువాడ దాటి వర్ని వైపు పోతే బడాపహాడ్ గుట్ట మీది దర్గాకు హిందువులూ ముస్లింలూ మేకను తోలుకుపోయి, అక్కడే వండి కందూరు చేస్తారు. వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. అంచున ఎవరో ఉన్నారు. విందు వాళ్లను వెతుక్కుంటూ పోతోంది తప్ప నడుమ ఇరుకైందని పోవడం లేదు. పైగా వాళ్లు నడుమనున్న ఇళ్లను కాచేవాళ్లు కాబట్టి, ఆ నడక అప్పు తీర్చుకోవడం వంటిది. ఇంకో పోలిక తిరిగి రావడం. జమ్మి ఆకు పొలిమేరలో ఉండిపోదు, ఇల్లు చేరుతుంది. బోనం కుండలోని అన్నం ఇంటికొచ్చి, కాలు కదపలేని ముసలమ్మకూ వాటా పడుతుంది. విందు అంచుకు పోవచ్చు. దాన్ని అంచుకు పంపడం వేరు. రెంటికీ దారి ఒకటే అయినా చేసే పని ఒకటి కాదు.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి అన్నానికి కొన్ని వ్రతాలు చెబుతుంది. అన్నాన్ని నిందించొద్దంటుంది, కాలదన్నొద్దంటుంది, సమృద్ధిగా పండించమంటుంది. ఆ వెంటనే, ఉన్నచోటికి వచ్చినవాణ్ణి ఎవరినీ కాదనొద్దంటుంది. అక్కడ వాడిన మాట వసతి. హాస్టళ్ల బోర్డుల మీద ఇవాళ్టికీ కనిపించే మాటే. ఈ క్రమం నాకు ముఖ్యంగా తోస్తుంది. పండించమన్నప్పుడు చోటు ప్రస్తావన లేదు, పెట్టడం దగ్గరికి వచ్చేసరికి వచ్చింది. ఆకలిగొన్నవాడు ఎప్పుడొస్తాడో, ఎవరై వస్తాడో ముందు తెలియదు. అందుకే పెట్టేవాడి ధర్మమంతా వచ్చేవాడికి దొరికేటట్టు ఒకచోట ఉండటంలో ఉంది. తిథి చెప్పకుండా వచ్చేవాడు అతిథి అని మన పెద్దలు చెప్పే వ్యుత్పత్తి; తిథే చెప్పనివాడి మీద దారి వెతుక్కునే భారం వేయడం అతిథి ధర్మం ఎట్లా అవుతుంది? లూకా సువార్త 14వ అధ్యాయంలోని విందు కథ కూడా ఇదే మెలిక మీద నడుస్తుంది. పిలిచినవాళ్లు సాకులు చెప్పి రాకపోతే ఆ యజమాని విందును ఇంకో చోటికి మార్చలేదు. ముందు ఊరి సందుల్లోకి, తర్వాత ఊరి బయటి బాటల మీదికి పనివాణ్ణి పంపి, బీదలనూ కుంటివాళ్లనూ ఇంటికి పిలిపించాడు. కదిలింది పిలుపు, పీట కాదు. రెండు మతాలు, రెండు కాలాలు. పెట్టేవాడు నిలకడగా ఉండాలన్న దగ్గర మాత్రం రెండూ కలిశాయి.

అయితే కార్తీక వనభోజనాల మాటేమిటని అడగవచ్చు. తినడానికే ఊరు దాటి పొమ్మని మతమే చెప్పిన పండుగ కదా అది. నిజమే. ఉసిరిచెట్టు నీడలో వండుకుని తినాలంటారు. ఎల్లారెడ్డి చుట్టుపక్కలవాళ్లకు 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఒకవైపు, అంతకంటే పాతదైన పోచారం చెరువు, దాన్ని ఆనుకున్న అడవి ఇంకోవైపు ఉన్నాయి, చెట్టుకూ నీటికీ కొదవ లేదు. కానీ గత కొన్ని దశాబ్దాల్లో వనభోజనం ఏమైపోయిందో చూడండి. కార్తీకం వచ్చిందంటే పత్రికల జిల్లా పేజీల్లో కుల సంఘాల వనభోజనాల ప్రకటనలు వరస కడతాయి. ఏ కులానికి ఆ కులం, ఏ తోటకు ఆ తోట. ఇది ఎవరో పన్నిన కుట్ర అనుకోను. కులాభిమానం ఎప్పుడూ ఉన్నదే, దూరం దానికి పని సులువు చేసింది. తోపు నడక దూరంలో ఉన్నంతకాలం ఎవరు వస్తే వాళ్లే అతిథులు. ఇరవై కిలోమీటర్లు దాటాక బస్సు మాట్లాడాలి. బస్సు మాట్లాడాలంటే తలలు లెక్కపెట్టాలి, లెక్కకు జాబితా కావాలి, జాబితాకు ఒక సంఘం కావాలి. మన దేశంలో తయారుగా ఉన్న సంఘం ఏదో చెప్పనక్కర లేదు. ఊరి మధ్యలోని ఫంక్షన్ హాల్లో కూడా కుల సమావేశాలు జరుగుతాయి కదా అంటే, జరుగుతాయి. అక్కడ గోడ చేసే పనిని ఇక్కడ దూరం చేస్తుంది. గోడకు కనీసం గేటు ఉంటుంది, దాని ముందు నిలబడి అడగవచ్చు. ఇరవై కిలోమీటర్ల అవతల జరిగే విందు ముందు నిలబడి అడిగే వీలు కూడా లేదు.

దీనికి ఎదురుగా మేడారాన్ని చూపిస్తారు. రెండేళ్లకోసారి, మాఘంలో, ములుగు అడవిలోకి లక్షల జనం పోతుంది. కామారెడ్డి నుంచి రెండు వందల కిలోమీటర్లకు పైబడిన దారి అది. పిల్లాజెల్లాతో, కోళ్లతో, నిలువెత్తు బెల్లం మొక్కుతో పోయి అక్కడే వండుకు తింటారు. అక్కడ బెల్లాన్నీ బంగారమే అంటారు. దసరా జమ్మి ఆకూ బంగారమే, మేడారం బెల్లమూ బంగారమే. అసలు బంగారం ధర తెలిసిన రోజుల్లో ఈ మాట ఎంత గడుసుదో! బెల్లం మార్కెట్టుకు పేరుపడిన కామారెడ్డికి ఈ సంగతి వేరే చెప్పాలా. మరి దూరం భక్తికి అడ్డం కానప్పుడు శివారు విందుకు ఎందుకు అడ్డమవుతుంది? మేడారంలో సమ్మక్క సారలమ్మలు ఉన్నారు, ఆ అడవి వాళ్ల ఇల్లు. వసతి అన్న మాటను అక్కడికి అన్వయిస్తే జనమే అతిథులు, అమ్మవార్లు ఆతిథ్యం ఇచ్చేవాళ్లు. ఎవరూ మేడారం జాతరను వరంగల్ నడుమ నుంచి తీసి అడవిలో పడేయలేదు. శివారు మైదానాన్ని ఎంచుకునేటప్పుడు చూసేది అక్కడ ఎవరున్నారని కాదు, ఎవరూ లేరని. మేడారానికి దూరం పోవడం వ్రతమైతే, మైదానానికి దూరం పోవడం పెట్రోలు ఖర్చు.

ఇంతకంటే బరువైన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తప్పించుకోవడానికి లేదు. ఊరి నడుమ విందు అందరిదీ అని ఎవరన్నారు? మన పల్లెల్లో ఊరి బయట అన్న మాటకు ఇంకో అర్థం ఉంది, దళిత వాడ అక్కడే ఉంటుంది. రచ్చకట్ట దగ్గరి పంక్తిలో వాళ్లకు ఆకు పడని కాలం బాగా పాతదేం కాదు. పోచమ్మ గుడి ఊరి అంచున ఉండటం వెనుక, ఆ అమ్మ కొలుపుల్లో బైండ్లవాళ్లకు పెద్దపీట ఉండటం వెనుక, నడుమ నుంచి నెట్టబడినవాళ్ల చరిత్ర కూడా ఉంది. అలాంటప్పుడు విందును అంచుకు తేవడమే న్యాయం కదా? పైగా నడుమ, అంచు అనేవి చూసే కంటిని బట్టి మారతాయి. హైదరాబాద్‌కు కామారెడ్డి వందకు పైగా కిలోమీటర్ల అవతలి ఊరు. ఎల్లారెడ్డికి కామారెడ్డి జిల్లా కేంద్రం. గాంధారి మండలంలోని తండాకు ఎల్లారెడ్డే పట్నం. 2016 అక్టోబర్‌లో నిజామాబాద్ నుంచి విడదీసి కామారెడ్డిని జిల్లా చేసినప్పుడు చెప్పిన కారణమూ ఇదే, కేంద్రం జనానికి దగ్గర కావాలని. ఈ వాదన సగం నేను ఒప్పుకుంటాను. అంచున ఉన్నవాళ్లకు విందు దక్కాలి. కానీ శివారుకు పోయే ఫుడ్ ఫెస్టివల్ అంచున ఉన్నవాళ్ల కోసం పోవడం లేదు. నడుమనున్న కార్లవాళ్లు పార్కింగు వెతుక్కుంటూ అంచుకు పోతున్నారు. ఆ పక్క తండాకు దక్కేది వంట కాదు, మర్నాడు ఊడవవలసిన ప్లాస్టిక్ పళ్లేలు. న్యాయం జరగాలంటే ఉన్న విందును ఎత్తి ఇంకోచోట పెట్టడం దారి కాదు. గ్రామదేవత ఏం చేసిందో అదే చేయాలి. పోచమ్మ ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి పోలేదు, ప్రతి ఊళ్లోనూ వెలిసింది. కామారెడ్డి పండుగ కామారెడ్డిలో ఉండగానే ఎల్లారెడ్డిలో ఇంకోటి పుట్టాలి, లింగంపేటలో ఇంకోటి.

క్షేమం సంగతి ఏమిటి? నిప్పు, తొక్కిసలాట, అంబులెన్సు దారి, ఇవి నిజమైన భయాలు. వీటిని భావుకత కింద కొట్టిపారేసేవాళ్ల పక్షాన నేను లేను. ఒక్క ప్రాణం పోయేటట్టయితే ఏ విందూ అక్కర లేదు. అయితే ఇరుకు కాలంలో పుడుతుంది, చోటులో మాత్రమే కాదు. హైదరాబాద్ బోనాలను చూడండి. అన్ని గుడుల్లో ఒకేనాడు జరిగితే నగరం ఊపిరాడక పోవలసిందే. అవి ఆషాఢమంతా పరుచుకుని ఉంటాయి. గోల్కొండ జగదాంబిక దగ్గర మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళికి వచ్చి, ఆపైన లాల్‌దర్వాజ సింహవాహినికి చేరుతాయి. పట్నం పెరిగినా బోనాలు ఊరి బయటికి పోలేదు, క్యాలెండర్లో పరుచుకుని ఉన్నాయి. నుమాయిష్ సంగతీ అంతే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి మారినా, నడక దూరం దాటలేదు. జనాన్ని నెలన్నర మీద పరుచుకుంటూ వచ్చింది. మూడు రోజుల్లో ముగించాలన్న తొందర లేకపోతే సగం తొక్కిసలాట ఉండదు. అన్నీ ఊరి నడుమనే ఉండి తీరాలని కూడా అనడం లేదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు, వ్యాపారుల గొడవల మధ్యనే, బాటసింగారానికి పోయింది. టోకు వ్యాపారం లారీ వెంట పోగలదు, లారీకి ఆకలి వేయదు. చిల్లర తిండి, పండుగ తిండి మనిషి కాళ్ల వెంట పోయేవి.

శివారు ఖాళీగా ఉందన్న ఊహ కూడా కామారెడ్డిలో ఒకసారి బోర్లాపడింది. 2022 చివర మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయటికొచ్చినప్పుడు, అడ్లూర్ ఎల్లారెడ్డి వంటి చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ సాగు భూములు పారిశ్రామిక జోన్ కిందికి పోతున్నాయని రోడ్డెక్కారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. 2023 జనవరి మొదట్లో కలెక్టరేట్ ముట్టడి జరిగింది, అదే నెల 20న మున్సిపల్ పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. పటం మీద రంగు పూయడానికి ఖాళీగా కనిపించిన చోట మక్కచేను ఉంది. రెండున్నరేళ్ల తర్వాత, 2025 ఆగస్టు చివర్లో కుంభవృష్టికి కామారెడ్డి కాలనీలు మునిగినప్పుడు నీళ్లు కూడా ఇదే మాట చెప్పాయి: ఖాళీ జాగా అనుకున్నది చాలాచోట్ల చెరువుదో వాగుదో. పండుగకు మూడు రోజులు అడిగిన జాగా ముప్పై ఏళ్ల పర్మిషన్ కావడం ఎంతసేపు? అంచుకు పోయేవాడు అక్కడున్నవాణ్ణి అడిగి పోవాలి. కట్టమైసమ్మ దగ్గరికి పోయేటప్పుడు కూడా ఉత్త చేతులతో పోం, బోనం ఎత్తుకునే పోతాం.

ఇప్పుడు ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, ఇంక దూరమేమిటి అన్న మాట మిగిలింది. 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లోకి వచ్చిన ఆ పథకం చిన్నది కాదు. పండుగలకు పుట్టింటికి పోయేవాళ్ల దారిఖర్చు అది తీర్చింది. కానీ తీరింది టికెట్టు ధర, తిరుగు ప్రయాణం కాదు. తిండి పండుగ వెలిగేది దీపాలు పెట్టాక, ఊరి దారుల్లో బస్సులు పలచబడేదీ అప్పుడే. సద్దుల బతుకమ్మ నాడు చీకటి పడ్డాక కూడా చంకలో పిల్లతో ఆడవాళ్లు నిబ్బరంగా ఇళ్లకు మళ్లుతున్నారంటే, చెరువు కట్ట ఇంటి నుంచి కేక వేస్తే వినిపించేంత దూరంలో ఉంది కాబట్టి, దారి పొడవునా తెలిసిన ముఖాలే కాబట్టి. ఆ కొలతే విందుకు కొలత. కామారెడ్డిలోనో ఎల్లారెడ్డిలోనో తిండి పండుగ పెట్టాలనుకునేవాళ్లు, హైదరాబాద్‌ను చూసి హైవే పక్కన పదెకరాలు వెతికే ముందు, ఒక్కసారి కామారెడ్డి బస్టాండుకు పోండి. ఎల్లారెడ్డి, గాంధారి, లింగంపేట వైపు ఆఖరి బస్సు ఎన్నింటికో అడగండి. ఆ తర్వాత జాగా చూడండి.